మొదటి చేపగా ఏది వేయాలి? (180 లీటర్ల ఉప్పునీటి తొట్టి, మియాపూర్)

మియాపూర్ మూడో అంతస్తు
ఫిబ్రవరి 9, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఏడేళ్లుగా గప్పీలు, మాలీలు, గోల్డ్ ఫిష్ పెంచుతున్న మంచినీటి మనిషిని. ఈ సంక్రాంతికి ధైర్యం చేసి ఉప్పునీటిలోకి దిగాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి. అంచు దాకా నింపకుండా లెక్క వేస్తే సుమారు 180 లీటర్లు. ఎండు రాయి 15 కిలోలు, కింద తెల్ల ఇసుక, ఒక స్కిమ్మర్ (మలినాన్ని నురుగుగా తీసే పరికరం), రెండు పవర్‌హెడ్లు (నీటిని తిప్పే పంపులు). ఉప్పు కలిపాక నీటి సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 1.025 ఉంది. నీళ్లు నిలబెట్టి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజులూ ఇంటిల్లిపాదీ ఖాళీ నీళ్లనే చూస్తున్నాం. మా అత్తగారు "లోపల ఏముంది బాబూ?" అని పొద్దునా సాయంత్రం అడుగుతున్నారు.

ఐదో తరగతి చదివే మా అమ్మాయికి రెండే చేపలు కావాలి. ఒకటి నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ ఫిష్, రెండోది నీలం రంగు బ్లూ టాంగ్. నేను చేపలు కొనే దుకాణదారు మాత్రం "ముందు మూడు బ్లూ డామ్సెల్స్ వేయండి సార్, అవి చావవు, నీళ్లను అవే సిద్ధం చేస్తాయి" అన్నాడు. ధర కూడా తక్కువే. ఏది వేయమంటారు? ఈ ఆదివారం కొనవచ్చా?

గవ్వల డబ్బా
ఫిబ్రవరి 9, రాత్రి 11:15

స్వాగతం అండీ. ఏ చేప అన్న ప్రశ్న పక్కన పెట్టి ముందు మూడు సంగతులు చెప్పండి. ఉప్పు కలిపిన నీళ్లు ఎక్కడివి? ఈ తొమ్మిది రోజుల్లో అమ్మోనియా ఎప్పుడైనా పరీక్షించారా? ఆ రాయి ఎండుదేనా, ఎవరైనా సముద్రం నుంచి తెచ్చి ఇచ్చిందా?

నీలి రెక్క
ఫిబ్రవరి 10, ఉదయం 7:05

కొత్తవాళ్లు రాగానే పరీక్ష పేపరు చేతిలో పెట్టే అలవాటు ఇక్కడ పోదు. దుకాణదారు చెప్పినదానిలో తప్పేమీ లేదు. పన్నెండేళ్ల క్రితం నేను మొదలుపెట్టింది డామ్సెల్స్‌తోనే. ఏది వేసినా తిన్నాయి, కరెంటు పోయినా తట్టుకున్నాయి, నా తప్పులన్నీ భరించాయి. ఖరీదైన చేపను చంపుకుని నేర్చుకోవడం కంటే ఇది మేలు కదా?

పాత ఉప్పు
ఫిబ్రవరి 10, ఉదయం 9:30

మియాపూర్ గారూ, ఆదివారం కొనవద్దు. ఆ పై ఆదివారం కూడా వద్దు.

"అవి చావవు" అన్న మాట సగం నిజం. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాలో మొప్పలు కాలుతున్నా డామ్సెల్ ఈదుతూనే ఉంటుంది. చావకపోవడం వేరు, బాగుండడం వేరు. మంచినీటి తొట్టిలో పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పుడు అమ్మోనియాలో చాలా భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. ఉప్పునీటి పీహెచ్ 8.2. అక్కడ విషపు భాగం ఎన్నో రెట్లు ఎక్కువ. గప్పీలు ఓర్చుకున్న కొలతనే ఇక్కడ నమ్ముకుంటే దెబ్బతింటారు.

ఇంతకంటే పెద్ద చిక్కు తర్వాత వస్తుంది. చావని ఆ చేప మీ తొట్టిలోనే ఉండిపోతుంది. మూడు డామ్సెల్స్ మూడు నెలల్లో రాళ్లన్నీ పంచుకుంటాయి. ఆ తర్వాత మీరు ఏ చేప తెచ్చినా అది పరాయి ఇంటికి వచ్చినట్టే. నా దగ్గర ఒక డామ్సెల్ తనకంటే రెండింతలున్న చేపను మూలకు తరిమి రెక్కలు చింపేసింది. దాన్ని పట్టుకోవడానికి వల పనికిరాలేదు. 22 కిలోల రాయి ఒక్కొక్కటిగా బయటికి తీసి, సగం నీళ్లు తోడేసి, రాత్రి రెండు గంటలకు పట్టుకున్నాను. మా ఆవిడ ఆ రాత్రి గురించి ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది.

అందుకే ఎవరు అడిగినా ఒకే మాట చెబుతాను. మొదటి చేపను ఎంచుకోవాలంటే చివరి చేపతో మొదలుపెట్టండి. ఈ తొట్టిలో రెండేళ్ల తర్వాత ఏమేం ఉండాలో కాగితం మీద రాయండి. అన్నిటికంటే కొట్లాడేది అట్టడుగున, అన్నిటికంటే పిరికిది పైన. పైన ఉన్నదే మీ మొదటి చేప.

మియాపూర్ మూడో అంతస్తు
ఫిబ్రవరి 10, రాత్రి 9:48

పీహెచ్ సంగతి నాకు తెలియనే తెలియదు. కృతజ్ఞతలు.

గవ్వల డబ్బా గారికి జవాబులు. మా అపార్టుమెంటులో బోరు నీళ్లూ మున్సిపల్ నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. నేను వాడింది వంటింటి ఆర్వో నీళ్లు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు 55 చూపించింది. అమ్మోనియా నిన్న మీరు అడిగాకే చూశాను, సున్నా. సున్నా అంటే నీళ్లు సిద్ధమైనట్టే కదా? రాయి ఎండుదే, కొన్నదే.

గవ్వల డబ్బా
ఫిబ్రవరి 10, రాత్రి 10:20

ఆ సున్నా వేరు అండీ. ఏమీ వండని పొయ్యి మీద మసి ఉండదు కదా, అలాంటి సున్నా. తొట్టిలోకి అమ్మోనియా వచ్చి, దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకొక రకం నైట్రేట్‌గా మార్చి, అప్పుడు కనిపించే సున్నాయే అసలైనది. ఎండు రాయితో మొదలుపెడితే దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ తొట్టిలో ఆ పని ఇంకా మొదలు కాలేదు.

వంటింటి ఆర్వో గురించి ఒక మాట. చాలా యంత్రాల్లో రుచి కోసం శుద్ధి చేసిన నీటిలో కొంత మామూలు నీరు తిరిగి కలుపుతారు. ఆ 55 అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. తాగడానికి మంచిదే. తొట్టిలో మాత్రం నీళ్లు ఆవిరైన కొద్దీ మళ్లీ అవే పోస్తూ ఉంటాం కనుక ఆ 55 లోపలే పేరుకుంటుంది, పాచి పెరుగుతుంది. ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి పెట్టించుకుంటే మీటరు సున్నా చూపిస్తుంది. ఇప్పటికే పోసినవి పారబోయనక్కరలేదు, ఇక ముందు పోసేవి మంచివైతే చాలు.

నవాసాగరం
ఫిబ్రవరి 11, ఉదయం 6:10

రసాయన శాస్త్రం చెప్పుకుని బతికేవాడిని, ఇలాంటి చర్చ చూస్తే ఊరుకోలేను. చేప లేకుండానే అమ్మోనియా ఇవ్వవచ్చు. నా పేరే ఆ మందు. అమ్మోనియం క్లోరైడ్‌ను మనవాళ్లు నవాసాగరం అంటారు. ఒకప్పుడు వీధుల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ల దగ్గర ఉండేది. తొట్టికి మాత్రం ఆ బజారు సరుకు వద్దు, ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైనది కొనండి.

లెక్క ఇది. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా కావాలంటే లీటరుకు సుమారు 6.3 మిల్లీగ్రాముల నవాసాగరం. రాయీ ఇసుకా ఆక్రమించింది పోగా మీ తొట్టిలో నిజంగా ఉండే నీళ్లు 150 లీటర్ల దాకా ఉంటాయి. అంటే ఒక్క గ్రాము కంటే కాస్త తక్కువ. చెంచాలతో కొలవకండి, నగల దుకాణం తక్కెడ లాంటి చిన్న డిజిటల్ తక్కెడ వాడండి. సీసాలో దొరికే బ్యాక్టీరియా కూడా కలిపితే పని తొందరగా అవుతుంది. ఒక రోజు వేసిన 2 మిల్లీగ్రాములు మర్నాటికి అమ్మోనియాలోనూ నైట్రైట్‌లోనూ సున్నాకు వస్తే సిద్ధమైనట్టు.

మధ్యలో నైట్రైట్ చాలా పైకి వెళుతుంది, కంగారు పడకండి. ఉప్పునీటిలో క్లోరైడ్ దండిగా ఉండడం వల్ల నైట్రైట్ చేప ఒంట్లోకి తేలికగా పోలేదు. మంచినీటిలో ఉన్నంత ప్రమాదం ఇక్కడ లేదు.

విశాఖ కెరటం
ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:25

హైదరాబాదు వాళ్లు ఉప్పు కొని సముద్రం తయారు చేసుకుంటారని వింటే మా ఇంట్లో నవ్వుతారు. అయినా మీరే అదృష్టవంతులు. ఒడ్డున బిందె ముంచి తెచ్చిన నీళ్లలో ఊరి మురుగు, పడవల నూనె, నానా రకాల సూక్ష్మజీవులు ఉంటాయి. నేను కూడా ఉప్పు కలుపుకునే వాడుతున్నాను. కల్లుప్పుతో ప్రయత్నించాలని ఎవరికైనా అనిపిస్తే, సముద్రపు నీటిలో సోడియం, క్లోరైడ్‌లే కాదు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయని గుర్తుంచుకోండి. కల్లుప్పులో అవి ఆ పాళ్లలో ఉండవు.

నవాసాగరం దొరక్కపోతే పచ్చి రొయ్య ఒకటి గుడ్డలో కట్టి తొట్టిలో వేలాడదీయండి. కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. వాసనకు ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి.

రాయి గురించి గవ్వల డబ్బా గారు అడిగింది ఊరికే కాదు. పగడాలు, సముద్ర గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. మన తీరం నుంచి తీసిన పగడపు రాయినో సముద్ర గుర్రాన్నో ఎవరైనా గుట్టుగా అమ్మజూపితే అటునుంచి అటే రండి.

నీలి రెక్క
ఫిబ్రవరి 11, రాత్రి 8:00

నా పోస్టు మీద ఇంత దండయాత్ర ఎందుకో. సరే, చేపతో సైకిల్ (ఆ బ్యాక్టీరియాను పెంచే పని) చేయించడం పాత పద్ధతి అని ఒప్పుకుంటాను. నవాసాగరం గారి పద్ధతి మేలైనదే. సైకిల్ అయ్యాక ఒక్క డామ్సెల్ వేస్తే తప్పేమిటి? ఎల్లో టెయిల్ డామ్సెల్ మిగతావాటి కంటే నెమ్మదైనది. రోజంతా ముందుకు వచ్చి కనిపిస్తుంది. మీరు చెప్పబోయే పిరికి చేప రాళ్ల వెనుక దాక్కుంటే ఆ పాప ఏం చూడాలి? ఆ విషయం ఎవరూ ఆలోచించరు.

పాత ఉప్పు
ఫిబ్రవరి 11, రాత్రి 9:12

ఎల్లో టెయిల్ నెమ్మదైనదే, కాదనను. నా కాగితంలో అది అట్టడుగుకు కాస్త పైన ఉంటుంది.

మియాపూర్ గారూ, బ్లూ టాంగ్ విషయం పాపకు మీరే చెప్పాలి. దుకాణంలో రెండంగుళాల పిల్లగా ఉంటుంది. పెరిగితే అడుగు దాకా వస్తుంది. సముద్రంలో రోజంతా ఈదే జాతి అది. మూడడుగుల తొట్టి దానికి లిఫ్టు గది లాంటిది. పైగా తెల్లమచ్చల వ్యాధి అన్నిటికంటే ముందు దానికే అంటుకుంటుంది. ఆరడుగుల తొట్టి కొన్ననాడు చూడవచ్చు.

మియాపూర్ మూడో అంతస్తు
ఫిబ్రవరి 12, రాత్రి 10:05

చెప్పాను. స్కేలు తెచ్చి అడుగు ఎంతో తొట్టి మీద తానే కొలుచుకుంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు "అయితే కాగితం నేను రాస్తాను" అంటోంది. పిరికి చేపలేవో, కొట్లాడేవేవో చెబితే వరుసలో పెడుతుందట.

గవ్వల డబ్బా
ఫిబ్రవరి 12, రాత్రి 11:00

పాపకు నా వంతు.

ఫైర్‌ఫిష్. ముందు సగం తెలుపు, వెనుక సగం ఎర్రగా మండుతున్నట్టు, వీపు మీద యాంటెన్నా లాంటి పొడవాటి ముల్లు. మూడంగుళాలు. ఎవరి జోలికీ పోదు. భయం వేస్తే తొట్టి బయటికి దూకుతుంది, కాబట్టి సన్నకన్నుల వల మూత తప్పనిసరి.

వాచ్‌మన్ గోబీ. పసుపు రంగు, ఇసుక మీద కూర్చుంటుంది. దానికి పిస్టల్ రొయ్యను తోడుగా పెడితే ఆ కథే వేరు. రొయ్యకు చూపు సరిగా ఆనదు, గుంత తవ్వడంలో మాత్రం గట్టిది. గోబీకి తవ్వడం రాదు, కళ్లు మంచివి. రొయ్య మట్టి తోడుతూ ఒక మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే గోబీ తోక కదుపుతుంది, ఇద్దరూ లోపలికి పోతారు. మా తొట్టిలో ఈ జంటను చూస్తూ రెండుసార్లు పాలు పొంగబెట్టాను.

విశాఖ కెరటం
ఫిబ్రవరి 13, ఉదయం 8:40

క్లౌన్ ఫిష్ గురించి నేను. ఆసెల్లారిస్ రకం అడగండి. మెరూన్ క్లౌన్ వద్దు, అది రౌడీ. ఆసెల్లారిస్ మన అండమాన్ సముద్రంలో సహజంగా ఉండేదే. అయినా హేచరీలో పుట్టినదే కొనండి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు క్లౌన్‌లను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతులు రూపొందించారు. తొట్టిలో పుట్టిన చేప గుళికల మేత తింటుంది, మనిషిని చూసి బెదరదు. క్లౌన్‌కు ఆనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఉండాలన్నది అపోహ. సముద్రంలో శత్రువుల నుంచి కాపు కోసం అది కావాలి, మీ హాల్లో శత్రువు ఎవరూ లేరు.

పాపకు ఒక ముచ్చట కూడా చెప్పండి. క్లౌన్‌లన్నీ మొదట మగవే. రెండు చిన్నవాటిని కలిపి వేస్తే వాటిలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఆ ఆడది పోతే మిగిలిన మగది ఆడదవుతుంది.

కొత్త నత్త
ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 3:30

గ్రీన్ క్రోమిస్ అర డజను వేస్తే గుంపుగా తిరుగుతాయని ఎక్కడో చదివాను. మొదటి చేపగా అవి ఎలా ఉంటాయి?

పాత ఉప్పు
ఫిబ్రవరి 13, సాయంత్రం 6:15

ఆరు వేస్తే ఏడాదికి ఒకటి మిగులుతుంది. గుంపులో బలహీనమైనదాన్ని మిగతావి కొరుకుతాయి, అది పోయాక ఇంకొకటి బలహీనమైనది అవుతుంది. నేనూ వేశాను.

మియాపూర్ మూడో అంతస్తు
మార్చి 16, రాత్రి 9:20

నెల తర్వాత వస్తున్నాను. నవాసాగరం గారి లెక్క ప్రకారం చేశాం. అమ్మోనియా పన్నెండో రోజు దిగడం మొదలుపెట్టింది, నైట్రైట్ ముప్పైరెండో రోజుకు సున్నా. మొన్న వేసిన 2 మిల్లీగ్రాములు 24 గంటల్లో మాయమయ్యాయి. 40 లీటర్ల పాత మంచినీటి తొట్టిని క్వారంటైన్ డబ్బాగా మార్చాను. అందులో స్పాంజి ఫిల్టరు, రెండు పీవీసీ గొట్టం ముక్కలు ఉన్నాయి.

అమ్మాయి కాగితం ఫ్రిజ్ మీద ఉంది. పై నుంచి: ఫైర్‌ఫిష్, గోబీ, కార్డినల్, క్లౌన్ జంట. అట్టడుగున "బ్లూ టాంగ్, నేను ఉద్యోగం చేశాక" అని రాసింది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

గవ్వల డబ్బా
మార్చి 16, రాత్రి 9:55

దుకాణానికి ఖాళీ చేతులతో వెళ్లి ఖాళీ చేతులతో రాగలిగినవాళ్లకే మంచి చేప దొరుకుతుంది. నచ్చిన చేపకు మీ ముందే మేత వేయమనండి. తినని చేపను ఎంత అందంగా ఉన్నా కొనకండి. కొన్ని దేశాల్లో చేపలను సయనైడ్ చల్లి మత్తెక్కించి పడతారు. అలాంటివి పైకి బాగానే ఉంటాయి, కొన్ని వారాలకు పోతాయి. అందుకే వచ్చిన రోజే కొనకుండా వారం పదిరోజులు అక్కడే ఉంచమనడం మేలు. శ్వాస వేగం చూడండి, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలున్నాయేమో చూడండి.

ఇంకొకటి, చాలామంది అడగనిది. దుకాణం నీళ్ల సాంద్రత ఎంత? ఉప్పు ఆదా కోసమో పరాన్నజీవులను అదుపు చేయడానికో 1.018 దగ్గర ఉంచేవాళ్లు ఉన్నారు. ఆ చేపను తెచ్చి గంటలో 1.025లో వేస్తే ఒంట్లో నీరు లాగేసినట్టవుతుంది. క్వారంటైన్ నీళ్లను దుకాణం సాంద్రతకే కలిపి పెట్టుకుని, తర్వాత రోజుకు 0.001 చొప్పున పెంచండి.

నవాసాగరం
మార్చి 17, ఉదయం 6:02

క్వారంటైన్ నీళ్లను ముందే సరిపోల్చి పెట్టుకోవడానికి రసాయన కారణం కూడా జోడిస్తాను. సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. అందువల్ల సంచిలో పేరుకున్న అమ్మోనియా అంత హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. కూకట్‌పల్లి నుంచి మియాపూర్‌కు తెచ్చిన చేపకు ఇది పెద్ద సమస్య కాదు. విమానంలో వచ్చిన సంచిని విప్పి గంటసేపు చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోవడం మాత్రం తప్పు. సాంద్రత, ఉష్ణోగ్రత సరిపోలితే త్వరగా దించేయడమే మంచిది.

మియాపూర్ మూడో అంతస్తు
ఏప్రిల్ 24, రాత్రి 11:30

ఫైర్‌ఫిష్ వచ్చింది. దుకాణం నీళ్లు 1.019, అడిగితే అక్కడి కుర్రాడు నన్ను అధికారినేమో అనుకున్నాడు. నాలుగు వారాల క్వారంటైన్ అయింది. మొన్న ఆదివారం పెద్ద తొట్టిలోకి వదిలాం. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డాం. చేప రాయి వెనక్కి వెళ్లింది.

ఆ తర్వాత కనిపించలేదు. నాలుగు రోజులైంది. మూతకు వల ఉంది, కన్ను చిన్నదే, కానీ పంపు తీగ వెళ్లే చోట రెండు వేళ్ల సందు ఉంది. సోఫా కింద, టీవీ వెనుక, చెప్పుల అర దాకా వెతికాను. అత్తగారు మళ్లీ "లోపల ఏముంది బాబూ?" అంటున్నారు. రాళ్లు తీసి చూడనా?

నీలి రెక్క
ఏప్రిల్ 24, రాత్రి 11:41

నేను ఫిబ్రవరిలోనే అన్నాను. ఇక నేనేమీ అనను.

పాత ఉప్పు
ఏప్రిల్ 25, ఉదయం 5:50

రాళ్లు ముట్టుకోకండి. మీరు రాయి కదిపితే దాక్కున్న చేప పై కప్పు వైపే దూకుతుంది. ఆ సందు మాత్రం ఈరోజే మూసేయండి. సాయంత్రం దీపాలు సగం తగ్గించి, గడ్డకట్టిన ఆర్టీమియా (చిన్న రొయ్యల్లాంటి మేత) కరిగించి కొంచెం వేసి, మూడడుగుల దూరంలో కదలకుండా కూర్చోండి. అరగంట.

నీలి రెక్క గారి మాటలో న్యాయం ఉందని కూడా చెప్పాలి. పిరికి చేపను ముందు వేయడం తొట్టికి మంచిది, చూసేవాళ్లకు నిరాశ. రెండూ కలిసి రావు.

మియాపూర్ మూడో అంతస్తు
ఏప్రిల్ 25, రాత్రి 8:35

ఉంది! ఎడమ మూల రాయి కింద సందులోంచి ముందు ఆ వీపు ముల్లు బయటికి వచ్చింది, తర్వాత తల. మూడు గింజలు తిని లోపలికి పోయింది. అమ్మాయి చూసింది. ఊపిరి బిగబట్టి కూర్చుంది కాబట్టి లెక్క తప్పలేదు, మూడే అంటోంది.

గవ్వల డబ్బా
ఏప్రిల్ 25, రాత్రి 9:00

బతికించారు. ఇప్పుడు ఎండల మాట. తొట్టి ఎంత చూపిస్తోంది?

మియాపూర్ మూడో అంతస్తు
ఏప్రిల్ 25, రాత్రి 9:25

మధ్యాహ్నం 30 దాటుతోంది. బయట 41. చిల్లర్ ధర చూసి కళ్లు తిరిగాయి.

గవ్వల డబ్బా
ఏప్రిల్ 25, రాత్రి 9:50

మన ఊరి ఎండలో తేమ తక్కువ, అది మనకు లాభం. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, మట్టికుండ సూత్రమే. దానికి బదులు రోజూ లీటర్ల కొద్దీ నీళ్లు ఆవిరవుతాయి. మా నాలుగడుగుల తొట్టిలో మే నెలలో రోజుకు నాలుగు లీటర్లు పోస్తాను. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. కాబట్టి పోసేది ఎప్పుడూ ఉప్పు లేని నీళ్లే. మూత వల తీసి ఫ్యాను పెట్టాలని చూడకండి, మీ చేప ఏమిటో గుర్తుంది కదా.

కరెంటు పోతే ఫ్యాను కంటే గాలి ముఖ్యం. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ ఇముడుతుంది, సముద్రపు నీటిలో 7 కూడా ఉండదు. వేడి పెరిగితే ఇంకా తక్కువ. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచండి.

విశాఖ కెరటం
ఏప్రిల్ 26, ఉదయం 7:15

ఎయిర్ పంపు ఉన్న గదిలో దోమల మందు పెట్టకండి. కాయిల్ అయినా, ప్లగ్గులో పెట్టే ద్రవమైనా. వాటిలో ఉండే పైరెత్రాయిడ్లు మనుషుల కంటే చేపలకూ రొయ్యలకూ ఎన్నో రెట్లు విషం. పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. నా పిస్టల్ రొయ్య అలాగే పోయింది, కారణం తెలియడానికి నాకు రెండో రొయ్య పట్టింది. దోమతెర కట్టుకోండి.

కొత్త నత్త
మే 19, సాయంత్రం 5:05

ఈ చర్చ చదివి కూడా క్వారంటైన్ లేకుండా ఒక క్లౌన్ నేరుగా వేసేశాను. వారానికి ఒంటి నిండా తెల్ల చుక్కలు. తొట్టిలోనే కాపర్ మందు వేయవచ్చా?

పాత ఉప్పు
మే 19, సాయంత్రం 6:40

వద్దు బాబూ. కాపర్ రాయిలోకి, ఇసుకలోకి ఇంకుతుంది. రొయ్యలు, నత్తలు చస్తాయి, తర్వాత ఎన్నాళ్లకో కూడా మళ్లీ పెంచడం కష్టం. చేపను వేరే డబ్బాలోకి తీసి అక్కడ మందు వేయండి, మోతాదు కాపర్ కిట్‌తో రోజూ కొలవండి. పెద్ద తొట్టిని చేప లేకుండా 76 రోజులు వదిలేయండి. ఆ తెల్ల చుక్కలు తెచ్చే పరాన్నజీవికి చేప దొరక్కపోతే పిల్లలు బతకవు. చుక్కలు పోయాయి కదా అని వారానికే చేపను తిరిగి వేస్తారు, అక్కడే మునుగుతారు. చుక్క రాలడం అంటే అది ఇసుకలోకి దిగి వందల పిల్లలను పెట్టబోతోందని.

కొత్త నత్త
మే 19, సాయంత్రం 6:58

76 రోజులు ఖాళీ తొట్టి?

నీలి రెక్క
మే 19, రాత్రి 7:10

మియాపూర్ గారి అత్తగారిని అడగండి, ఖాళీ తొట్టి చూడడం ఎలాగో ఆమె చెబుతారు.

మియాపూర్ మూడో అంతస్తు
జూన్ 8, రాత్రి 10:15

ఇవాళ మృగశిర. మా మామగారు పొద్దున్నే రామ్‌నగర్ మార్కెట్‌కు వెళ్లి రెండు కిలోల కొరమీను తెచ్చారు. వంటింట్లో పులుసు, హాల్లో తొట్టి. భోజనాల తర్వాత చుట్టాలంతా తొట్టి ముందు కూర్చున్నారు. ఫైర్‌ఫిష్ ఇప్పుడు పగలంతా మధ్యలో నిలబడే ఉంటుంది, ఎవరైనా నవ్వితే మాత్రం లోపలికి పోతుంది. గోబీ గత నెలలో వచ్చింది. రొయ్య ఇంకా దొరకలేదు, ఒంటరిగానే ఇసుకలో కూర్చుని మా మామగారిని గుడ్లప్పగించి చూసింది. "ఇది కాపలాదారు" అని అమ్మాయి చెప్పింది. "ఎవరికి కాపలా?" అన్నారాయన.

క్లౌన్ జంట క్వారంటైన్‌లో మూడో వారంలో ఉంది, హేచరీ పిల్లలే. కార్డినల్ ముందు వేయాలని కాగితంలో ఉంది, కానీ దుకాణంలో బాంగై కార్డినల్ ఇప్పుడే వచ్చిందట. మగది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుందని తెలిసినప్పటి నుంచి అమ్మాయి దాన్ని వదలడం లేదు. వరుస మార్చి క్లౌన్‌లను ముందు వేసేయనా, ఆగనా?

పాత ఉప్పు
జూన్ 8, రాత్రి 10:50

ఆగండి. క్లౌన్‌లు ఆ డబ్బాలో ఇంకో నెల ఉన్నా నష్టం లేదు, నీళ్లు మారుస్తూ ఉండండి. బాంగై సముద్రం నుంచి పట్టినదైతే వదిలేయండి. ఇండోనేషియాలో కొద్దిపాటి దీవుల చుట్టూ మాత్రమే ఉండే చేప అది, పట్టీ పట్టీ అంతరించే స్థితికి తెచ్చారు. తొట్టిలో పుట్టినదైతే తీసుకోండి. దానికి వేరే డబ్బా ఉందా? క్లౌన్‌లకు కాపర్ వాడారా?

మియాపూర్ మూడో అంతస్తు
జూన్ 8, రాత్రి 11:04

వాడాను, మొదటి రెండు వారాలు. తర్వాత కార్బన్ (నీటిలోని మందును పీల్చే బొగ్గు) పెట్టాను. రెండో డబ్బా లేదు.

పాత ఉప్పు
జూన్ 8, రాత్రి 11:10

కార్బన్ పెట్టాక కాపర్ పోయిందో లేదో కొలిచారా?

మియాపూర్ మూడో అంతస్తు
జూన్ 8, రాత్రి 11:12

లేదు. కిట్ తెస్తున్నాను, ఆగండి.